రెండో శనివారం ప్రింటర్

ప్రింటర్‌ని బాగుచేయడానికి శాంతికుమార్‌కి నాలుగు నిమిషాలు పట్టింది. మళ్ళీ పాడుచేయడానికి రెండు చాలు.

వంటింట్లో కృపారాణి టీచర్ గారు నెత్తళ్ళ చేపల పులుసు కలుపుతున్నారు. గరిటె చప్పుడు వినిపిస్తున్నంతసేపూ ఆవిడ ఈ గదిలోకి రారు. ఆ లెక్క అతనికి బాగా తెలుసు.

"ఏటిరా శాంతీ, అయిపోనాదా?"

"అయిపోతన్నాదండీ."

ఏడాదిన్నరగా ఇదే తంతు. విజయనగరం గంటస్తంభం దగ్గర కంప్యూటర్లు రిపేరు చేసే షాపులో అతను మెకానిక్. నెలకి ఒక్కటే సెలవు, రెండో శనివారం. సరిగ్గా ఆ రోజే టీచర్ గారి ఫోన్ వస్తుంది, సిస్టమ్‌లో ప్రింటర్ కనబడటం లేదని. మొదటిసారి అది నిజంగానే పాడైంది. ఆ తర్వాత నుంచి పాడుచేస్తున్నది ఇతనే. సిస్టమ్ సెట్టింగులన్నీ రాసి ఉండే రిజిస్ట్రీలోకి వెళ్ళి ఒకే ఒక్క అంకె మార్చిపోతాడు. సిస్టమ్‌ని ఆపి మళ్ళీ వేయగానే ప్రింటర్ కనబడదు.

డబ్బు కోసమా అంటే, ఆవిడ దగ్గర ఎప్పుడూ పైసా తీసుకోలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. శాంతికుమార్‌కి అడగడానికి అమ్మ లేదు. పుట్టింది పాతపట్నంలో, పెరిగింది మిషన్ హాస్టల్లో. ఇప్పుడుంటున్నది రైల్వే స్టేషన్ వెనక ఒంటిగది. సెలవు రోజున ఆ గదిలో అతను దగ్గితే అతనికే వినబడుతుంది. పనుంటే తప్ప ఒకరి గడప తొక్కడం తెలియని మనిషి, అందుకని పని పుట్టించుకున్నాడు. ఈ ఇంట్లో అతనికో కంచం ఉంది. అది పోతే నెలంతా ఎదురుచూడటానికి ఇంకేమీ లేదు.

ఒక్కటే అతనికి అంతుపట్టదు. మర్నాడే రావలసిన ఫోన్ నెల దాకా రాదు. చర్చి మనిషి కదా, సహనం ఎక్కువ కాబోలనుకున్నాడు.

తను నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్ మూసేశాక ఆవిడా ఒక్కరే. రెండేళ్ళుగా చర్చి పాటల పుస్తకం టైపు చేస్తున్నారు. టైపు చేసేది ఒక పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌లో. దాని సీడీ ఎప్పుడో పోయింది. సిస్టమ్‌ని చెరిపి మొదటినుంచీ వేస్తే సాఫ్ట్‌వేర్ తిరిగి రాదు, పాటలన్నీ పిచ్చిగీతలైపోతాయి.

అందుకే అంకె మార్చేముందు ప్రతిసారీ రిజిస్ట్రీకి కాపీ తీసి తన పెన్ డ్రైవ్‌లో పెట్టుకునేవాడు. షాపు ఓనరు నరసింగరావు నేర్పిన మొదటి పాఠం అది. ఇవాళ పెన్ డ్రైవ్ గదిలో మర్చిపోయి వచ్చాడు. ఇన్నిసార్లు చేసిన పనేగా, ఒక్క అంకేగా అనుకున్నాడు.

అంతలో గరిటె చప్పుడు ఆగింది.

కంగారులో ఒకటి మార్చబోయి ఇంకొకటి చెరిపేశాడు. ఏది చెరిపాడో అతనికే తెలియదు. రిజిస్ట్రీలో చెరిపింది వెనక్కి రాదు. సిస్టమ్ బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ వేశాడు. నల్లటి తెర. మరోసారి వేశాడు. అదే తెర.

దొంగకి తేలు కుట్టినట్టయింది. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు.

టీచర్ గారు చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏటైనాది?"

"లెగట్లేదండి."

"మరి నా పాటలు?"

కరెంటు అనో, వైరస్ అనో చెప్పొచ్చు. అబద్ధం నాలిక చివరే ఉంది. ఆవిడ ముఖం చూశాక అది బయటికి రాలేదు.

"నానే పాడు సేసేనండి. ఇయాలే కాదు, పెతీ నెలా నానే. పాడైపోతే మీరు పిలుస్తారని." "ఇంక రానండి."

ఆవిడ ఆ నల్లటి తెరనే చూస్తున్నారు. తిట్టినా బాగుండేది. అతను స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకున్నాడు. పులుసు వాసన గదంతా నిండింది. ఆకలేస్తున్నందుకు తనమీద తనకే సిగ్గేసింది.

"కాపీ తీసేవా?" అన్నారు టీచర్ గారు.

"లేదండి."

"ముప్పై యేళ్ళు టైపు నేర్పినాను. కార్బన్ పెట్టకండా కాయితం ఎక్కించినోడి సెవి మెలేసినాను, తెల్సునా?"

మూలనున్న పాత టైపు మిషన్ దగ్గరికి వెళ్ళి, దాని కింద సొరుగులోంచి ఒక పెన్ డ్రైవ్ తీసి అతని చేతిలో పెట్టారు.

"కంప్యూటర్ పుస్తకం సూసి నేర్సుకున్నాను. రిజిస్ట్రీ కాపీ ఇందల ఉన్నాది, ఎక్కించు. బేగి రా, పులుసు సల్లారిపోతాది."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారు. రెండు కంచాలు పెట్టిన చప్పుడైంది.

శాంతికుమార్ తన సంచిలో ఉన్న రిపేరు సీడీతో సిస్టమ్‌ని ఎలాగో లేపాడు. పెన్ డ్రైవ్ తెరిచాడు. అందులో రిజిస్ట్రీ కాపీలు ఒకటి కాదు, రెండున్నాయి. రెండింటికీ ఒక్క అంకే తేడా. అతను ప్రతి నెలా మార్చే అంకె.

ఒకదానికి "ప్రింటర్ పనిచేయడానికి, శాంతి వెళ్ళగానే ఎక్కించాలి" అని, రెండోదానికి "ప్రింటర్ పాడవడానికి, రెండో శనివారం పొద్దున్నే ఎక్కించాలి" అని టీచర్ గారు పేర్లు పెట్టుకున్నారు.