నాలుగింటి బస్సు

"నాలుగింటి గుడివాడ బస్సుకి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది. లేవండి," అన్నాడు శోభనాద్రి గోడగడియారం చూస్తూ.

బయట వాన దంచికొడుతోంది. సుబ్బాయమ్మ తడిసిన పమిట పిండుకుంటూ అన్నగారి వైపు తలెత్తి చూసింది. నాగులచవితికి మోపిదేవి వెళ్ళి, తిరిగి గుడివాడ మీదుగా పెదపారుపూడి వెళ్తూ బందరులో ఆయన బియ్యం కొట్టు దగ్గర దిగింది. వెంట కూతురు ఇందిర ఉంది. వచ్చి అరగంట కాలేదు.

"ఒళ్ళు కాలిపోతోంది అన్నయ్యా."

"అందుకే బస్సెక్కమంటున్నాను. ఇంటికెళ్ళి పడుకుందువుగాని."

"ఈ పూటకి ఉండి పొద్దున్నే వెళ్దువుగానిలే అని ఒక్క మాట! పరాయివాళ్ళు కూడా అంటారే!"

శోభనాద్రి అనలేదు. ఆయన ఎవరినీ అలా అనడని బజారంతటికీ తెలుసు. గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని బస్తా బాగోగులు చెప్పేసే మనిషి. ఇంటికి చుట్టం వస్తే మాత్రం కాఫీ ఇచ్చి బస్సు టైము చెబుతాడు. ఒక మనిషి ఒక రాత్రి ఉంటే ఎన్ని గింజలు తరుగో ఆయనకు తెలుసని వెనక నవ్వుకుంటారు.

కొట్టు చూరు కింద ఎవరో భార్యాభర్తలు పసిబిడ్డతో నిలబడ్డారు. శోభనాద్రి చూశాడు.

"కోటిలింగం, వాళ్ళకో గొడుగిచ్చి పంపు. ఇక్కడ ఆగొద్దను. బస్సు పోతుంది."

"ఈ వానల్లో ఇది పద్నాలుగో గొడుగండీ. తిరిగొచ్చినవి రెండే," అన్నాడు గుమాస్తా.

"పోతే పోనీ. ముందు వాళ్ళని కదిలించు."

ఇందిర విజయవాడలో నర్సింగు చదువుతోంది. చలిగాలి కొడుతున్నా మావయ్య మెడ మీద చెమట పట్టడం చూసింది. కిటికీ రెక్క కొట్టుకున్నప్పుడల్లా ఆయన ఉలిక్కిపడుతున్నాడు. మెల్లగా ఆయన మణికట్టు పట్టుకుంది.

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా మావయ్యా?"

"నాడి చూడటం కూడా నేర్పారేమిటే? ఫీజెంత?" నవ్వబోయి, చెయ్యి లాగేసుకున్నాడు. "పదిహేను నిమిషాలే ఉంది."

"నిద్రెక్కడిదే!" అంది సుబ్బాయమ్మ. "కుమారి వదినా, ఇద్దరు పిల్లలూ ఉప్పెనలో పోయి ఇరవై రెండేళ్ళు. అప్పట్నుంచీ ఈయన గుండె బండరాయి అయిపోయింది. అంతా వదిన వాళ్ళ నాన్న కోదండరామయ్య చేసిందే. పుట్టింటి నుంచి వస్తూ నాగాయలంకలో పిల్లలతో బస్సెక్కి కూర్చుందట వదిన. కండక్టరు చెప్పాడు. ఆ పెద్దమనిషి వచ్చి దింపి వెనక్కి తీసుకెళ్ళాడు! ఆ పొద్దున మన లారీ కూడా ధాన్యానికి అక్కడికే వెళ్ళింది. కనీసం దాంట్లో ఎక్కించినా బతికేవాళ్ళు."

"పోయిన మనిషిని ఆడిపోసుకోకు సుబ్బాయీ."

"అదే నాకు అర్థం కాదు. ఆయన్ని ఒక్క మాటా అనవు. నా దగ్గరికొచ్చేసరికి గడియారం చూపిస్తావు."

శోభనాద్రి వాకిట్లోకి వెళ్ళి బస్టాండు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఇందిర గొంతు తగ్గించింది.

"అమ్మా, పిసినారి అయితే గొడుగులెందుకు పంచుతాడే? ఇది వేరే. మాకు పాఠాల్లో చెప్పారు. పెద్ద దెబ్బ తిన్నవాళ్ళ ఒళ్ళు ఆ రోజు దగ్గరే ఆగిపోతుందట. గాలి వీచినా, వాన పడినా మళ్ళీ అదే రోజు వచ్చిందనుకుంటుందట."

"దెబ్బ తినడానికి ఈయన ఉప్పెన చూశాడా ఏమన్నానా? ఆ రోజు ఈ కొట్లోనే కూర్చున్నాడు. పాదం తడవలేదు."



సుబ్బాయమ్మ సంచీ తీసుకుని తూలుతూ లేచింది. గుమ్మం దగ్గర అన్నగారికి ఎదురుగా నిలబడింది.

"జ్వరంతో ఉన్న చెల్లెల్ని వానలోకి గెంటుతున్నావు. ఇక నీ గడప తొక్కను. నేను పోయినా నీకు కబురు రాదు. ఆఖరిసారి అడుగుతున్నా, ఉండమంటావా?"

  ఊరంతా జంకే ఆ వ్యాపారి రెండు చేతులూ జోడించాడు.

"నీకు దణ్ణం పెడతాను సుబ్బాయీ. బస్సెక్కు."

సుబ్బాయమ్మ మొహం తిప్పుకుంది. అంతలో హారన్ వినిపించింది. పద్నాలుగు గొడుగులు పంచిన మనిషి ఒట్టి తలతో వానలోకి పరుగెత్తాడు.

"జ్వరం బిళ్ళలు గల్లాపెట్టెలో ఉన్నాయమ్మా, అమ్మగారికి ఒకటి వేసి తీసుకెళ్ళండి," అన్నాడు కోటిలింగం జాలిగా.

ఇందిర పెట్టె తెరిచింది. బిళ్ళల కింద ప్లాస్టిక్ కవరులో మడతలు చిరిగిన కాగితం ఒకటి ఉంది. లారీ ధాన్యం తూకం వేసిన పాత కాటా చీటీ. వెనక పెన్సిలుతో రాత. పైన పంతొమ్మిది, నవంబరు, డెబ్బై ఏడు. కింద కుమారి అని సంతకం.

బయట శోభనాద్రి బస్సుకు అడ్డంగా చేతులు చాపి నిలబడి, "రండి, త్వరగా రండి!" అని అరుస్తున్నాడు.

చీటీ మధ్యలో ఉన్నది ఒక్కటే వాక్యం.

"వానలో రావద్దని మీరు లారీతో కబురు పంపారుగా, బస్సు దిగిపోయాం."