నలభై ఒక్క ఆవర్తాలు

సన్నాయిలాంటి తన ఓబోకు తగిలించే రెల్లు పీకను పెదవుల మధ్య తడుపుకుంటూ ఓర్షొయా పక్క కుర్చీవైపు ఒరిగింది.

"లెక్క మీదే ఎటెల్కా ఆంటీ. అంకెల్లో నేను మొద్దుని."

ఓర్షొయాకు ముప్ఫై ఒకటి. ఎటెల్కాకు నలభై ఏడు. ఈ మధ్యలో ఆంటీ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో ఆ దేవుడికే తెలియాలి.

దెబ్రెత్సెన్ ఊరి కచేరీ హాలు నిండిపోయింది. ఎటెల్కా భర్త బెర్తలాన్ కట్టిన పెద్ద వాద్యరచన, కన్చెర్టోను ఈ సాయంత్రమే మొదటిసారి వాయిస్తున్నారు. ఆర్కెస్ట్రా మొత్తానికీ రాసింది. ప్రతివాళ్ళకీ ఒంటరిగా మెరిసే చోటు ఒకటి ఉంటుంది.

పెద్ద ఇత్తడి బాకా ట్యూబాకు ఉంది. ముక్కోణపు కమ్మీ మోగించే పెద్దాయనకూ ఉంది.

మొదటి ఓబో ఓర్షొయాకైతే ఏకంగా రెండు పేజీలు.

రెండో ఓబో ఎటెల్కాకు, ఆ రెండు పేజీలకు ముందు నలభై ఒక్క ఆవర్తాల మౌనం. తర్వాత మళ్ళీ మౌనం.

"మరి నాకేదీ?" అని మార్చిలో భర్తను అడిగింది, ప్లమ్ పళ్ళ కుడుములు వడ్డిస్తూ.

"నువ్వు ఇంట్లో మనిషివి కదే," అన్నాడు నోటినిండా కుడుముతో.

ఆ రెండు పేజీలూ చలికాలమంతా ఇంట్లో ఈల వేసుకుంటూ రాశాడు. తనకోసమేననుకుని, చప్పుడవుతుందని ఎటెల్కా వాషింగ్ మెషీను కూడా వేసేది కాదు.

డోళ్ళు మొదలయ్యాయి. ఇక్కడ మేళాన్ని నడిపే కండక్టర్ రెండు చేతులూ డోళ్ళవాళ్ళకే సరిపోతాయి, ఓర్షొయాకు సైగ చెయ్యలేడు.

ఎటెల్కా మోకాలి మీద వేలితో లెక్కపెడుతోంది. నలభై ఒకటో ఆవర్తం నిండగానే ఆ వేలు లేస్తుంది. డోళ్ళు ఆగుతాయి. ఓర్షొయా అందుకుంటుంది. ఆరేళ్ళుగా ఆమె చూసేది ఆ వేలినే.

ముప్ఫై ఎనిమిది.

బాల్కనీ ముందువరసలో బెర్తలాన్ పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా ముందుకు వంగి కూర్చున్నాడు. ఓర్షొయానే చూస్తున్నాడు.

ముప్ఫై తొమ్మిది.

నలభై.

ఎటెల్కా వేలు లేచింది.

ఓర్షొయా ఊదింది.

కండక్టర్ కనుబొమలు పైకి లేచాయి. డోళ్ళు ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఆ మోతలోంచి, ఎవరూ ఎదురుచూడని చోట, పాట సన్నగా పైకి వచ్చింది.

హాల్లో దగ్గులు ఆగిపోయాయి.

ఎటెల్కా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అదే ఆమెకు మరీ మంటగా ఉంది.

చివర్లో చప్పట్లు చెదురుమదురుగా మొదలై ఒకే తాళంలో కలిసిపోయాయి. బాగా నచ్చితేనే ఈ ఊరివాళ్ళు అలా కొడతారు.

తెర వెనక్కి బెర్తలాన్ దాదాపు పరిగెత్తుకొచ్చాడు. ఓర్షొయా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"డోళ్ళు ఆగకముందే అందుకున్నావు చూడు, రాసినవాణ్ణి నాకే తట్టలేదు. రేపే అచ్చుప్రతి దిద్దించేస్తాను. అంత ధైర్యం ఎలా వచ్చింది నీకు?"

ఓర్షొయా మెల్లిగా చేతులు వెనక్కి తీసుకుంది.

"నా ధైర్యమేం లేదు మాస్టారూ. నేను లెక్కపెడితే కదా. ఆంటీ వేలెత్తారు, నేను ఊదాను."

"ఎటెల్కానా?" బెర్తలాన్ నవ్వేశాడు. "ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను, మా ఆవిడ లెక్క ఒక్కసారైనా తప్ప..."

నవ్వు సగంలో ఆగింది.

ఆ సాయంత్రం మొదటిసారి భార్యవైపు తిరిగాడు.

అతను చూస్తుండగానే ఎటెల్కా ఓబోను మూడు భాగాలుగా విడదీసి, ఒక్కోదాన్నీ తీరిగ్గా తుడిచి పెట్టెలో సర్దుకుంది.