మిలిటరీ తాత మంచు

“మంచా? కాశ్మీరులో మోకాళ్ళ లోతు మంచులో కాపలా కాసినోణ్ణి నేను. మా సుబేదారు మీసం మెలేసుకుంటే ఎండుపుల్ల మాదిరి పుటుక్కున విరిగి చేతిలోకొచ్చింది,” అన్నాడు వెంకటరాముడు.

బడి వరండాలో రంగుకాగితాలతో చుక్కలు కత్తిరిస్తున్న పిల్లలు కత్తెర్లు పక్కన పెట్టేసినారు. ముదిగుబ్బ దగ్గర పల్లెలోని ఆ బడికి ఆయన వాచ్‌మన్. ఊరందరికీ మిలిటరీ తాత. క్రిస్మస్ పండగ చేయించేందుకు స్పెయిన్ దేశం నుంచి వచ్చిన వలంటీర్లు కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. వాళ్ళలో నూరియా మాత్రం ఏడాది ముందే వచ్చింది. తెలుగు ఈ పిల్లల దగ్గరే నేర్చింది కాబట్టి అచ్చం వాళ్ళ మాదిరే మాట్లాడుతుంది. పిల్లలకు ఆమె నూరక్క.

ఆరో తరగతి పద్మజ ఒక గ్రీటింగ్ కార్డు చూపించింది. దాంట్లో ఇండ్లు, చెట్లు అన్నీ తెల్లగా ఉన్నాయి.

“క్రిస్మస్ అంటే మంచు పడాలంట తాతా. మనకు వానే పడదు, మంచేం పడ్తాది?”

అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. మూసుకునే నోరే అయితే ఆయనకన్ని కథలెక్కడివి?

“పడ్తాది. పండగనాడు ఈ బడి ముందర మంచు పడకుంటే నన్ను మిలిటరీ తాత అనొద్దండి. నాది పూచీ.”

పిల్లల మధ్య కూర్చున్న నూరియా తలెత్తింది. “నిజంగా పడ్తాదా తాతా?”

వెంకటరాముడు పడ్తాదని తలూపేసి గేటు దగ్గరికి జారుకున్నాడు. మంచు దేశపు పిల్ల ముందర మంచుకు పూచీ పడినాడు మరి.

తెల్లారేసరికి మాట చుట్టుపక్కల పల్లెలకు పాకింది. కొందరు తల్లులు పిల్లలకు స్వెట్టర్లు వెతుకుతున్నారని తెలిసి ఆయనకు అన్నం సయించలేదు. నూరియాను పక్కకు పిలిచి అడిగినాడు.

“దూదైతే ఎట్లుంటాదమ్మా?”

“దూది రాలదు తాతా. గాలికి పోయి కంపచెట్లకు తగులుకుంటాది.”

“థర్మాకోల్?”

“గొర్రెలు తింటే చస్తాయి. గొర్రెలు కాసే ఆంజినప్ప మనల్ని బతకనిస్తాడా? మంచంటే తెల్లగుండాల, తేలిగ్గుండాల, నిదానంగా పడాల. పడినట్టు సద్దు కూడా రాకూడదు.”

ఎంత వివరంగా చెప్పిందో చూడు, పుట్టినప్పటి నుంచి చూసింది కదా అనుకున్నాడు. భయం ఇంకాస్త పెరిగింది.

ఆ దిగులుతోనే గౌస్‌బీ బొరుగుల బట్టీ దగ్గర కూలబడినాడు. కాగిన ఇసుకలో బియ్యం పడగానే తెల్లగా ఉబ్బి పైకెగిరి, ఆమె జల్లెడ ఊపితే మెల్లగా రాలుతున్నాయి. చూస్తూ చూస్తూ లేచి నిలబడినాడు.

“గౌస్‌బీ, ఇవి బడి మిద్దె మీది నుంచి పోస్తే ఎట్లుంటాది?”

“ఎండకు తల తిరిగిందా అన్నా? మనుషులు తినేవి.”

“పిల్లోళ్ళకు మంచు కావాలంట.”

గౌస్‌బీ గంటె ఆపి ఆలోచించింది. “నేలంతా నీళ్ళు చల్లి ఊడ్పించు. కొత్త టార్పాలిన్ పట్టలు పరిపించు. నా బొరుగులు మట్టిపాలు చేస్తే ఊరుకునేది లేదు. మూటలు నేనే తెస్తా. నేనూ చూడాల కదా మంచు.”

పండగనాడు ఆ వలంటీర్లు పడిన పాటు చెప్పి తీరాల. పొద్దున్నే చీపుర్లు పట్టి వాకిలంతా ఊడ్చినారు, పట్టలు పరిచినారు. బొరుగుల మూటలు భుజాన వేసుకుని నిచ్చెనెక్కి మిద్దె మీదికి చేర్చినారు. ఎండకు మొహాలు టమాటాలయినాయి, అయినా ఒక్కరూ నీడకు పోలేదు. బడిలో పాఠాలు చెప్పే జోయల్ సారు క్రిస్మస్ పాట ఎత్తుకున్నాడు. ఆంజినప్ప గొర్రెలు ఏసు పుట్టిన పశువులపాక బొమ్మ పక్కన బుద్ధిగా నిలబడినాయి. పాట సగంలో ఉండగా మిద్దె మీద నూరియా చెయ్యి ఊపింది. వలంటీర్ల చేతుల్లో బొరుగుల చేటలు కదిలినాయి.

గాలి కూడా ఆ పూట మర్యాదగా వీచింది. తెల్లగా, తేలిగ్గా, సద్దు లేకుండా ఆకాశం రాలుతున్నట్టే ఉండాది. పాట ఆగిపోయింది. పిల్లలు కదల్లేదు. చేతులు చాపినారు, తలలు పైకెత్తినారు. ఎవరో మొదట నోరు తెరిచినారు. అంతే, అందరూ మంచు తినడం మొదలుపెట్టినారు. గొర్రెలు కూడా ఆగలేదు. గౌస్‌బీ కొంగుతో కండ్లు తుడుచుకుంటూ “పొగ” అంది. పొగ యాడుందో ఎవరూ అడగలేదు.

నూరియా కిందికి దిగగానే పద్మజ చెయ్యి పట్టుకుంది. “నిజం చెప్పక్కా, మంచు ఇట్లే ఉంటాదా?”

పిల్లలంతా మూగినారు. వెంకటరాముడు స్తంభం చాటుకు జరిగినాడు. ఇంతకాలం మోసిన పేరు ఇప్పుడు నూరియా నోట్లో ఉండాది.

“అచ్చం ఇట్లే,” అంది నూరియా. “మిలిటరీ తాత చెప్తే తప్పవుతాదా?”

స్తంభం చాటు నుంచి ఇవతలికొచ్చినాడు ముసలాయన.

సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయినాక, మిగిలిన బొరుగుల్లో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలుపుకుని తాత, నూరియా ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు.

“నా పరువు నిలబెట్టినావమ్మా,” అన్నాడు. “నీ దగ్గర దాచేదేముంది. నేను మిలిటరీలో చేరిందీ లేదు, కాశ్మీరు పోయిందీ లేదు. గుంతకల్లు దాటి రైలెక్కలేదు. సుబేదారు కూడా ఒట్టి కల్పన. మీసం మాత్రం మా మామది, అదింకా ఆయన మూతి మీదే ఉండాది.”

నూరియా పొట్ట పట్టుకుని నవ్వింది.

“నవ్వింది చాల్లే. నువ్వు చూసినదానివి, నాకైనా నిజం చెప్పు. అసలు మంచు ఎట్లుంటాది?”

నూరియా గేటు వైపు తొంగి చూసింది. పిల్లలెవరూ లేరని తేల్చుకుని దగ్గరికి జరిగింది.

“మాది స్పెయిన్‌లో ఎండల దీవి తాతా, మంచు నేనూ చూడలేదు.”