తెల్ల మచ్చ

"ఛీ! ఛీ! మట్టి తింటున్నాడయ్యా వాడు!"

సంపూర్ణమ్మ కేకకి ఆమె మొగుడు జక్కయ్య చేతిలో పారతోనే పరిగెత్తుకొచ్చాడు.

నిజమే. ఎవడో పరాయివాడు వాళ్ల చేలో గొంతుక్కూచున్నాడు. మోకాళ్లదాకా బురద, మాసిన చొక్కా, పక్కన గుడ్డ సంచీ. గట్టు వారన చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని చప్పరిస్తున్నాడు.

పొద్దున్నే ఊరు ఊరంతా చెంబులు పట్టుకుని కూచునేది ఆ గట్టు మీదే.

సంపూర్ణమ్మ మొహం చిట్లించి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

అసలే ఆ ఎకరం మూడేళ్లుగా తెల్లగా పూసిపోయి, నాటిన నారు నాటినట్టే మాడిపోతోంది. ఈ ఏడూ పంట పోతే చేను అమ్ముకుని పామర్రులో కూలికి పోవడమే. అర్జీలు పెట్టగా పెట్టగా ఇవాళ ఆఫీసరు వస్తున్నాడు. ఉప్పు నేల అని ఆయన రాస్తే చాలు, సర్కారు మురుగు కాలవ తవ్విస్తుంది.

సరిగ్గా ఈ పూటే దాపురించాడు దరిద్రుడు!

"ఎవడ్రా నువ్వు?" జక్కయ్య అరిచాడు.

అతను ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. మట్టి పక్కకి ఊశాడు.

"నోరు పుక్కిలించడానికి కాసిని నీళ్లిస్తారా అమ్మా?"

"నా చెంబు నీ నోటికా? థూ!"

"నేను ఆఫీసు నుంచే..."

"నువ్వు ఆఫీసరువైతే నేను కలెక్టర్ని! నడు, నడు!"

జక్కయ్య పార ఎత్తాడు. అతను గట్టెక్కి గబగబా వెళ్లిపోయాడు. కంగారులో సంచీ చేలోనే వదిలేశాడు.

దాన్ని ముట్టుకోడానికి కూడా సంపూర్ణమ్మకి రోత. కర్రతో ఎత్తి గేదెల మడుగులో పారేసింది.

సాయంత్రం జీపు వచ్చింది.

బంతిపూల దండతో, కొబ్బరిబోండాంతో మొగుడూ పెళ్లాం ఎదురెళ్లారు. ఇస్త్రీ చొక్కా ఆయన దిగాడు. దండ వేయబోతే వెనక్కి జరిగాడు.

"నాకెందుకమ్మా? నేను డ్రైవర్ని. ఇక్కడ గుడ్డ సంచీ మరిచిపోయారట, దానికోసం వచ్చా."

జక్కయ్య మడుగులోకి దిగాడు.

సంచీలోంచి ముప్ఫై ఊళ్ల మట్టి పొట్లాలు ఒకే ముద్దై బయటికొచ్చాయి. ఏ ఊరి మట్టి ఎలాంటిదో రాసుకున్న కాయితాల మీద సిరా కారిపోయింది. అడుగున ఒక ఫొటో.

డ్రైవర్ దాన్ని చొక్కాకి తుడిచాడు.

"ఆకాశంలో తిరిగే కెమెరా తీసిందమ్మా. ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టిన ఈ తెల్ల మచ్చ మీ చేనే."

"అమ్మో! అంత పైనుంచి మా చేను కనపడిందా!" సంపూర్ణమ్మ మొహం వెలిగిపోయింది.

"కనపడుతుంది. కానీ ఉప్పో, ఇసకో దానికి తెలీదుగా. మనిషి దిగి, రుచి చూసి చెప్పాలి. చెప్పిన ఊళ్లకే కాలవ. ఆ జాబితా ఈ రాత్రి బండికే పోవాలి."

"మరి ఆ చెప్పే ఆఫీసరుగారేరీ?" ఖాళీ జీపులోకి తొంగిచూసింది సంపూర్ణమ్మ.

పొద్దున ఆమె మొహంలో ఉన్న రోత ఇప్పుడు డ్రైవర్ మొహంలో ఉంది.

"గుక్కెడు నీళ్లివ్వకుండా పొద్దున మీరు తరిమింది ఆయన్నేనమ్మా."