కారు తోలు

“కారు తోలు,” అన్నాడు పెద్దాయన, నాలుగోసారి.

సీట్ల మేస్త్రీ చేతిలో స్పాంజి ఆగిపోయింది. నాలుగుసార్లు తుడిచి, నాలుగుసార్లు రంగేసిన తోలు అది. ముప్పయ్యేళ్లలో అతని పని చూసి పెదవి విరిచిన మనిషి లేడు. ఈ పెద్దాయన మాత్రం విరిచిన పెదవి అతికించనే లేదు.

“ఈ రంగు కూడా నచ్చలేదంటారా తాతగారూ?”

పెద్దాయన ఎడమచెయ్యి ఎత్తి గాలిలో గుండ్రంగా తిప్పాడు.

“ఇంకా గుండ్రంగా రుద్దమంటున్నారు,” అని మెట్టు మీద కూర్చున్న అమ్మాయి తర్జుమా చేసింది.

ఆ అమ్మాయి పెద్దాయన మనవడి భార్య. ఆ ఇంటికి వచ్చి మూడు నెలలైంది. భర్త ఓడ ఉద్యోగం మీద ఏదో సముద్రంలో ఉన్నాడు. ఏడాది కిందట వచ్చిన పక్షవాతం పెద్దాయన కుడిచేతినీ, మాటల మూటనూ ఒక్కసారే ఎత్తుకుపోయింది. మూటలోంచి జారిపడి మిగిలినవి ఈ రెండు మాటలే. అవి కూడా మొదట్లో రోజుకి పదిసార్లు వినిపించేవి, ఈమధ్య రెండుసార్లకి తగ్గాయి. రేపో మాపో అవీ ఆగిపోతాయేమోనని ఆ అమ్మాయి భయం.

షెడ్డులో ఇరవై ఏళ్లుగా దుప్పటి కప్పుకుని పడుకున్న పాత కారు వైపు చూస్తూ ఆయన ఆ మాటలు అనేవాడు. ఆ అమ్మాయి దుప్పటి ఎత్తి చూస్తే బీటలు వారిన సీట్లు కనిపించాయి. తాతగారి బెంగ అర్థమైందనుకుంది. మెకానిక్‌ని పిలిచి ఇంజనుకి ఊపిరి పోయించింది. ఆ తర్వాత మేస్త్రీకి కబురు పెట్టింది.

మేస్త్రీ కంటే ముందు అతని గొంతు గేటు దాటి వచ్చింది. “లోకంలో అందరూ సీటు కోసం రంగులు మారుస్తారమ్మా. సీటుకే రంగు మార్చేవాణ్ణి నేనొక్కణ్ణే. పైగా నా పనిలో కుట్టే గాని కుట్ర ఉండదు.”

స్పిరిట్‌తో పాత జిడ్డు తీశాడు. సన్నటి గరుకు కాయితంతో రుద్దాడు. పగుళ్లలో మెత్తటి ముద్ద నింపి ఆరబెట్టాడు. సీటు వెనక మడతలో, ఎండ ముట్టుకోని చోట, అసలు రంగు దొరికింది. ముదురు తేనె రంగు. అలాంటిదే కలిపి పల్చటి పూతలుగా అద్దాడు.

“సీటంటే అరచెయ్యి లాంటిదమ్మా. చదవడం వస్తే జాతకం చెబుతుంది,” అన్నాడు పని మధ్యలో. “డ్రైవరు సీటు చూడు. గుంట చిన్నది, సీటు ముందుకి జరిపి ఉంది. అంటే తాతగారు అప్పట్లో పుల్లలా ఉండేవారు. పక్క సీటు గుంట లోతు, మడతల నిండా పల్లీల పొట్టు. మామ్మగారు దారి పొడుగునా నములుతూనే ఉండేవారు.”

గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నవ్వండి మామ్మగారూ, నవ్వండి. డ్రైవరు సీటు సందులో జడపిన్ను దొరికింది. దాని సంగతి నేను అడగను, ఆయన చెప్పలేరు.”

“చాల్లెండి మీ జోస్యం.”

“ఇంతకీ ఎక్కడెక్కడ తిరిగేవారు?”

“రోడ్డు ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా.” పెద్దావిడ కళ్లు కారు దాటి ఎటో వెళ్లాయి. “ఒకసారి కుండపోత వానలో వైపరు పాడైంది. ఈయన కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, తువ్వాలుతో ముందు అద్దం తుడుస్తూనే ఉన్నారు, ఇల్లు చేరేదాకా. ముద్దగా తడిసి, మర్నాడు ఒకటే తుమ్ములు.”

“బండి నడుపుతూనే? మొనగాడండీ బాబూ.”

పొయ్యి మీద పాలున్నాయంటూ ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. పెద్దాయన ఆ గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయాడు. స్పిరిట్ వాసన ఆవిడకి పడదు కాబోలు అనుకున్నాడు మేస్త్రీ.

అలా పది రోజులు గడిచి, నాలుగో రంగు కూడా తప్పిపోయింది.

“ఇక నా తోలు ఊడేలా ఉందమ్మా,” అన్నాడు మేస్త్రీ స్పాంజి పక్కన పెట్టి. “పెద్దాయన్ని సీట్లో కూర్చోబెడదాం. కంటికి నచ్చనిది ఒంటికి నచ్చుతుందేమో.”

ఇద్దరూ చెరో వైపు పట్టుకుని డ్రైవరు తలుపు దగ్గరికి నడిపించారు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. కర్ర పొడుచుకుంటూ కారు చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూలబడ్డాడు. ఖాళీగా ఉన్న డ్రైవరు సీటు మీద తట్టాడు.

“కారు... తోలు.” చెయ్యి మళ్లీ గుండ్రంగా తిరిగింది.

మేస్త్రీ నోరు తెరిచాడు.

“అమ్మాయ్, ఈయన అంటున్నది ఈ తోలు కాదు. బండి తోలడం. ఆ చెయ్యి తిప్పడం కూడా రుద్దమని కాదు, స్టీరింగు. పది రోజులుగా ఈయన తోలు తోలు అంటుంటే, నేను తోలుకి రంగేస్తూ కూర్చున్నాను.”

ఆ అమ్మాయి నుదురు కొట్టుకుంది. “పాపం, ఆయనకిప్పుడు చెయ్యి ఆడదుగా. ఎవరైనా ఒక్కసారి తిప్పి తీసుకురమ్మని అడుగుతున్నారు. మీరు పోనివ్వండి మేస్త్రీ గారూ.”

మేస్త్రీ ఉత్సాహంగా స్టీరింగు ముందు కూర్చున్నాడు. పెద్దాయన ఎడమచేత్తో కర్ర ఎత్తి అతని డొక్కలో పొడిచాడు.

“నేను తోలితే వద్దట. నన్నే తోలేస్తున్నారు.”

“మరి ఇంకెవర్ని అడుగుతున్నట్టు?”

పెద్దావిడ గుమ్మం దిగి వచ్చింది. కళ్లజోడు తుడిచి పెట్టుకుంది. చెంగు నడుముకి దోపుకుంది.

“ఆయన ఏమడుగుతున్నారో నాకు మొదటిరోజే తెలుసమ్మా. ధైర్యం చాలక నోరు మూసుకున్నాను.”

“ఇందులో మీకు ధైర్యమెందుకు మామ్మగారూ?”

ఆవిడ మేస్త్రీ వైపు తిరిగింది.

“లేవండి బాబూ, అది నా సీటు.”