ఏడో పేరు

నవతకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే: సాగర్‌కు కుడికాలు లేదన్న సంగతి అత్తకు తెలియడం.

మస్కట్‌లో పనిలో ఉండగా ఇనుపచువ్వల మోపు అతని కాలి మీద పడి ఎనిమిది నెలలైంది. తొడ దాకా తీసేశారు. పెట్టుడు కాలు వచ్చాక ఇంటికి నడిచే వస్తానని, అప్పటిదాకా అవ్వకు చెప్పొద్దని సాగర్ పెళ్లాంతో పిల్ల మీద ఒట్టు వేయించుకున్నాడు. అత్త రామవ్వది అసలే దడ గుండె. అప్పటినుంచి అతను ఫోన్‌లో నడుము పైకే కనబడుతున్నాడు.

అలాంటిది ఇవాళ ఊరి కబడ్డీ టీం వాళ్లు వచ్చి అరుగు నిండా కూర్చున్నారు. టీం పుట్టి ముప్పై ఏళ్లయిందట. ఇన్నాళ్లలో ఆడినవాళ్లందరిలో ఏడుగురు మొనగాళ్లను ఏరి, ఆడే జాగ పక్కన గోడ మీద పేర్లు రాయిస్తారట. చీలమండ దొరికితే వదలని ఎబినేజర్, గీత మీద గోడలా నిలబడే కరుణాకర్, ఇట్లా ఆరు పేర్లకు మూడు రోజులు కొట్లాడుకున్నామని, ఏడో పేరుకు మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదని కెప్టెన్ గోపాల్ చెప్పాడు.

"సాగరన్న లేని టీం ఏం టీం, పెద్దవ్వా?"

"అది నువ్వు చెప్పాల్నా?" అంది రామవ్వ, పొయ్యిలోకి పత్తికట్టె విరుస్తూ. తన కొడుకు తొడ కొట్టి కూతకు పోతే భైంసా వాళ్లు ఎట్లా వెనక్కి జరిగేవాళ్లో మళ్లీ మొదటినుంచి చెప్పింది.

గోడ మీద పేరే కదా, రాసుకోనీ అనుకుంది నవత, చంకలో పిల్లను సర్దుకుంటూ. అప్పుడు గోపాల్ అసలు సంగతి బయటపెట్టాడు. ఏడుగురూ లేచి నిలబడి, తొడ కొట్టి, పేరు చెప్పే వీడియో గ్రూపులో పెట్టాలి. ఆరుగురివీ వచ్చేశాయి. అరవై దాటిన రాయమల్లు కూడా పంచె ఎగ్గట్టి కొట్టాడట.

"అన్నకు ఇప్పుడే వీడియో కాల్ చేస్త. ఇయ్యాల శుక్రవారం, అక్కడ సెలవు, రూముల్నే ఉంటడు."

నవత అటూ ఇటూ చూసింది. బయటికి పోదామంటే గుమ్మం నిండా మనుషులు. లోపలికి పోయి సాగర్‌కు ముందే చెబుదామంటే, అంతలోనే గోపాల్ కాల్ కలిపేస్తాడు.

"ఆయన పేరు వద్దు," అంది.

అందరూ తిరిగి చూశారు.

"జమ్మికుంట ఫైనల్ల ఆఖరి కూతకు పోయి దొరికిపోయింది ఆయనే. ఓడగొట్టినోని పేరు గోడ మీద ఎందుకు? అరుణ్ పేరు రాయుండ్రి."

"మొగని పేరు వద్దనే పెండ్లాన్ని ఇప్పుడే చూస్తున్న," అని గోపాల్ నవ్వాడు. "ఫోన్ల ఏం లొల్లి పెట్టుకున్నరు, వదినె? ఉండు, అన్ననే అడుగుదాం."

పక్కవాళ్లూ నవ్వారు. రామవ్వ నవ్వలేదు. చేతిలో కట్టె అట్లాగే పట్టుకుని కోడలి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఇక ఈ జన్మకు అత్త తనతో మాట్లాడదనుకుంది నవత. గోపాల్ సాగర్‌కు కాల్ కలిపాడు.

ఫోను మోగింది. ఒక రింగు. రెండో రింగు. రామవ్వ లేచి వచ్చి, గోపాల్ చేతిలోంచి ఫోను గుంజుకుని, ఎర్ర గుర్తు మీద వేలు పెట్టి నొక్కింది.

"కోడలు చెప్పిందే రాయి. నా కొడుకు ఆడింది నాలుగేండ్లు. అరుణ్ పదేండ్లు మోకాళ్లు పగలగొట్టుకున్నడు."

వాళ్లు గొణుక్కుంటూ వెళ్లిపోయారు. ఏదో ఒకటి అల్లి చెప్పాలని నవత నోరు తెరిచేలోపే రామవ్వ తలుపు దగ్గరికి వేసి, పిల్లను తన చేతుల్లోకి తీసుకుంది.

"లేని కాలు మీద వాడేం నిలబడ్తడు, బిడ్డా?"

పత్తి ఏరే రోజుల్లో, సెలవు మీద ఊరికి వచ్చిన యెషయా ఆమెకు ఈ సంగతి చెప్పాడట. అతనుండేది సాగర్ రూములోనే.

"నీకు తెలిస్తే ఫికర్‌తోని పాలు ఆగిపోతయని నేనే వాని నోరు మూయించిన. ఇయ్యాల పేరు వద్దన్నవు సూడు, అప్పుడు సమజైంది, నీకూ ఎర్కనే అని."

అంతలో గూట్లో నవత ఫోను మోగింది. సాగర్. నడుము పైకే కనబడుతున్నాడు. గోపాల్ ఎందుకు చేశాడని అడిగి, గొంతు తగ్గించాడు.

"అవ్వకు ఏం తెల్వలే గదా?"

ఫోనుకు కనబడకుండా పక్కన నిలబడిన రామవ్వ, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"తెల్వలే," అంది నవత.

మస్కట్‌లో మీవాళ్లెవరైనా ఉంటే, ఒక శుక్రవారం పూట ఆ రూముకు పోయి సాగర్ ఎట్లా ఉన్నాడో చూసి రమ్మనండి. అడిగితే మాత్రం, అవ్వకు ఇంకా ఏమీ తెలియదనే చెప్పమనండి.