మిడ్‌ఫీల్డర్‌కి పరీక్ష

ఆమెకున్న భయం ఒక్కటే. ఏదో ఒక రోజు భర్త తమ కూతుర్ని చూసి, "ఎవరమ్మా నువ్వు?" అంటాడేమోనని.

ఆ భయాన్ని కొంగున కట్టుకునే డాక్టరమ్మ గదిలోకి వచ్చింది. భర్త బల్లకు ఇవతల కూర్చున్నాడు. ఇంకో కుర్చీ డాక్టరమ్మ పక్కన ఉంటే ఆమె అందులో కూర్చుంది, అతనికి సరిగ్గా ఎదురుగా.

"నాకేం జబ్బు లేదండీ," అన్నాడతను కూర్చుంటూనే. "మొన్న మా వీధిలోనే దారి తప్పానని మా ఆవిడ బెంగ పెట్టుకుంది. అన్నేళ్ళు ఫుట్‌బాల్‌లో తలతో బంతులు కొట్టాను కదా, లోపల ఏదో కదిలిపోయిందని అనుమానం."

"కదిలిందో లేదో చూద్దాం. కొన్ని ప్రశ్నలు అడుగుతాను. అమ్మా, మీరు మధ్యలో మాట్లాడకూడదు."

"అయితే కష్టమే," అన్నాడు భర్త.

డాక్టరమ్మ నవ్వింది. భార్యకు నవ్వు రాలేదు.

"ఎన్నేళ్ళు ఆడారు?"

"పదహారు."

"ఏ స్థానంలో?"

"మిడ్‌ఫీల్డర్‌ని. వెనకవాళ్ళ దగ్గర బంతి తీసుకుని ముందువాళ్ళకి అందించడం. గోల్ కొట్టినవాడికి దండలు, మాకు మోకాళ్ళ నొప్పులు."

"మీరు కొట్టిన గోల్స్ ఎన్ని?"

"ఇరవై మూడు."

"చివరి మ్యాచ్?"

"వానలో ఆడాం. రెండు ఒకటి తేడాతో గెలిచాం."

ఆపరేషన్ ఏ మోకాలికి అంటే ఎడమ మోకాలికన్నాడు. పెళ్ళిరోజు చెప్పాడు. ఇంటి నంబరు, అలాంటివే ఇంకా బోలెడు చెప్పాడు. ఒక్కో జవాబుకీ ఆమె గుండె మీద బరువు వీసం వీసం దిగుతోంది.

"ఆటలో మీ గొప్పేమిటి?"

"నేను బంతిని చూసేవాణ్ణి కాదండీ. మనుషుల మొహాలు చూసేవాణ్ణి. ఎవరెటు కదలబోతున్నారో వాళ్ళకంటే ముందు నాకే తెలిసేది."

డాక్టరమ్మ కలం ఆగింది. అతనివైపు చూసి, పక్కనున్న ఆమెవైపు తిరిగింది.

"ఇప్పటికి ఇరవై ప్రశ్నలు. మీరు రాసిచ్చిన కాగితం ప్రకారం ఒక్క తప్పు లేదు."

ఆమె అమ్మయ్య అనబోయింది.

"ఆగండమ్మా. మీకు చిన్నపిల్ల ఉందన్నారు కదూ. దానికి ముద్ద పెట్టేటప్పుడు మీరూ నోరు తెరుస్తారా?"

"తెరుస్తానేమోనండీ. ఎవరు చూసుకుంటారు?"

"ఇక్కడా అదే చేస్తున్నారు. నేను అడగడం ఆలస్యం, మీ పెదాలు కదులుతున్నాయి. ఆయన జవాబు ఆ తర్వాతే వస్తోంది."

ఆమె చెయ్యి దానంతటదే నోటి మీదికి వెళ్ళింది. "నాకు తెలీదండీ. నిజంగా తెలీదు."

"మిమ్మల్నేం అనడం లేదమ్మా. కుర్చీ గోడవైపు తిప్పుకోండి."

తిప్పుకుంది. గోడకి ఒకచోట సున్నం పెచ్చు ఊడి ఉంది. దాన్నే చూస్తూ పెదాలు పళ్ళకింద నొక్కిపట్టింది.

"తేలికైన ప్రశ్నే," అంది వెనక నుంచి డాక్టరమ్మ. "మీ అమ్మాయి పేరేమిటి?"

కుర్చీ కిర్రుమంది. అతను గొంతు సవరించుకున్నాడు. చెప్పు, చెప్పెయ్యి అని ఆమె లోలోపల ఆ గోడకే మొరపెట్టుకుంది.

"దానికేం భాగ్యం, చెబుతానండీ," అన్నాడు చివరికి, ఎప్పటి నవ్వు గొంతుతోనే. "ముందు మా ఆవిణ్ణి ఇటు తిరగమనండి."

మీ ఇంట్లో కూడా అడిగినదానికల్లా టకటకా జవాబు చెప్పే మనిషి ఉంటే, ఈ పూట ఒక్కసారి మొహం అటు తిప్పుకుని అడిగి చూడండి.